చెంప గుంజి పట్టుకునే పెద్దమ్మ

మా పెద్దమ్మ మాట్లాడాలంటే ముందుగాల ఎడమ చెంపను వేలితోని చెవి దిక్కు గుంజేది. అట్ల గుంజితేనే ఆ పక్క ముక్కులకు ఇంత గాలి పోయేది. కుంఠా నాకా కాడి మగ్గాల కార్ఖానల నూలు కండెలు చుట్టేటప్పుడు రెండు చేతులు పనిలనే ఉంటయి గదా, అప్పుడు నోరు తెరిచి నూలు దుమ్మంత మింగేది.

ఆ కార్ఖానలనే ఒకనాడు నడుస్తున్న పవర్‌లూమ్ నుంచి, పోగుతోని అటిటు ఉరికే కొయ్య నాడె ఎగిరొచ్చి ఆమె ముక్కు మీద తాకింది. ముక్కు పక్కకు వంగింది. "పానం దక్కింది, అదే చాలు" అన్నరు ఇంట్ల.

ఏండ్ల తర్వాత హోట్గి రోడ్డుల డాక్టర్‌కు చూపిస్తే, లోపలి గోడ గూడ వంకరైంది, ఆపరేషన్ జేస్తే గాలి ఆడుతది, ముక్కు గూడ సక్కగైతది అన్నడు. ఆ రెండో మాటే ఆమె కొంప ముంచింది.

"మనుమరాలు పుట్టినంక నీకు సోకేందే అమ్మా? గల్లీల నవ్వుతరు" అన్నడు ఆమె కొడుకు, మా అన్న.

గల్లీ నవ్వకముందే మేం నవ్వినం. నేను గూడ నవ్విన.

పెద్దమ్మ చెంప గుంజి పట్టుకొని, "వంకరుంటే ఉండనీ బిడ్డా. నాకు దమ్ము తీసుకోనీకి దారి జేపియ్యి, చాలు" అన్నది. మళ్ల ఎన్నడు అడగలె.

పోయినేడు పెద్దమ్మ సచ్చిపోయింది. దినాల నాడు అన్న స్టూడియోల పెద్ద ఫోటో జేపిచ్చి తెచ్చిండు. "ముక్కు సక్కగ జేయుమని నేనే చెప్పిన" అన్నడు. వచ్చినోళ్లందరు "ఎంత కళగున్నదో" అన్నరు.

నేను దగ్గరికి పోయి చూసిన. ముక్కు గీత గీసినట్టే ఉన్నది. దాని కింద నోరు మాత్రం, గాలి కోసం, ఇంకా తెరిచే ఉన్నది.