తునికి పొదలా నరికిన గులాబీ

ఆ గులాబీని మా అత్త నరికేసి మూడేళ్లయింది. నా కోపం ఇంకా తగ్గలేదు. తగ్గించుకోమని చెప్పేవాళ్ల మీద కూడా కోపమే.

టేకులపల్లిలో మేం ఇల్లు కట్టుకున్న ఏడాది భద్రాచలంలో మొక్కల బండి దగ్గర దాన్ని కొన్నాను. ఆ ఇంట్లో గచ్చు రంగు నుంచి దేవుడి గూడు దాకా అన్నీ మా ఆయనా, వాళ్లమ్మా కలిసి ఎంచినవే. బడిలో పాఠాలు చెప్పుకుంటూ సగం ఇల్లు నిలబెట్టిన నేను ఎంచుకున్నది గేటు పక్కన ఆ మొక్క ఒక్కటే.

హైబ్రిడ్ టీ గులాబీ అంటే మామూలుగా నడుమెత్తు పొద. పొడవాటి కాడ, దాని చివర ఒక్కటే పెద్ద పువ్వు. అలాంటి పొదల్లో ఎప్పుడో ఒకదానికి ఒక కొమ్మ మాట వినకుండా పైకి సాగిపోయిందట. ఎవరో ఆ కొమ్మ కన్ను తీసి వేరే మొక్కకు అంటు కట్టారు. నేను కొన్న ఈ తీగ రకమంతా ఆ ఒక్క కొమ్మ సంతానమే. బండి మనిషి గోదావరి అవతలివాడు. "మేడమ్, దీన్ని మొదలంటా మాత్రం కొట్టకండి. కొడితే మళ్లీ పొదైపోద్ది" అన్నాడు.

మొండి ఘటం అది. నిటారుగా వదిలితే కొసన ఒక్క పువ్వు పూసి ఊరుకుంటుంది. కొమ్మను వంచి అడ్డంగా కడితేనే కణుపు కణుపుకూ మొగ్గ. చేతులు చీరుకుపోతున్నా వెదురు బద్దలకు కట్టి కట్టి, నాలుగో ఏటికి మేడ మీది పిట్టగోడ దాకా తెచ్చాను. చలికాలంలో ముదురెరుపు పూలు, అన్నీ ఆకాశం వైపే. బడి నుంచి వచ్చి మేడెక్కి టీ తాగుతుంటే ఆ వాసన నా ఒక్కదానిదే. అత్తకు మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేదు. అది నాకు హాయిగానే ఉండేది, దాచడమెందుకు.

అత్త అడవి పక్క ఊరి మనిషి. పెళ్లయినప్పటి నుంచీ తునికాకు కోసింది. ఎండలు ముదరకముందే తునికి పొదల్ని మొదలంటా కొట్టేస్తారు. అప్పుడే బీడీలకు పనికొచ్చే లేతాకు వస్తుంది. ఆ ఫిబ్రవరిలో ఒకరోజు నేను బడికి వెళ్లాక ఆమె కత్తి పట్టుకుంది. సాయంత్రం వచ్చేసరికి గేటు పక్కన జానెడు మోడు, గోడ వారన కొమ్మల కట్ట.

"అత్తా, ఎవరు కొట్టమన్నరు నిన్ను?"

"ఒకలు చెప్పాల్నా? ఆకంత ముదిరిపోయింది. తునికి గిట్లనే కొడ్తం. నెల తిరగకముందే ఇగురేస్తది, సూడు."

"ఇది తునికి కాదు!"

"అన్నీ చెట్లే గద బిడ్డా. గంత పైకి పోతె పూలెవలికి అందుతయి?"

మా ఆయన చెప్పులు విడుస్తూనే తీర్పు చెప్పేశాడు. "ఒక్క చెట్టు కోసం ముసల్దాని మీదికి పోతవేంది? మళ్ల మొలుస్తది తియ్యి." ఆయనతో వారం మాట్లాడలేదు. అత్తతో మాత్రం నోరు నొప్పి పుట్టేదాకా మాట్లాడాను.

ఆమె అన్నట్టే చిగురేసింది. అదే నా కడుపుమంట. రోజూ పొద్దున్నే బ్రష్ నోట్లో పెట్టుకుని వెళ్లి చూసేదాన్ని, సాగుతుందా అని. ఒక్క కొమ్మ పిట్టగోడ వైపు సాగితే చాలు, అత్తను క్షమించేద్దామనుకున్నాను. నడుము దాకా వచ్చి ఆగింది. ఎరువు వేశాను, కట్టెలు పాతాను, తిట్టాను. వానాకాలం పోయినా అంతే ఉంది. పైకెక్కడం మరిచిపోయి మామూలు పొదైపోయింది.

డిసెంబర్లో మొదటి మొగ్గ విచ్చింది. అదే ఎరుపు. నేను కిటికీలోంచి చూస్తుండగా అత్త గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చి, పువ్వు ముందు ఆగి, వంగి, కళ్లు మూసుకుంది.

"గింత వాసనుంటదా దీనికి?" అంది, పక్కన ఎవరూ లేకపోయినా.

నాలుగేళ్లు ఆ తీగ కిందినుంచే గేటు దాటి తిరిగిన మనిషి. నాకు జాలి కలగాలి. కలిగింది కూడా, కొంచెం.

మర్నాడు ఇంకో మొగ్గ విచ్చింది. ఆమె లేవకముందే వెళ్లి దాన్ని తుంచి, మేడ మీదికి తీసుకుపోయాను.