ముక్కు పట్టిన చెయ్యి

మా చిన్నప్పుడు బడిలో సారు ఒక్కడే కొట్టేవాడు కాదు... మా చేత మమ్మల్ని కొట్టించేవాడు.

పద్ధతి ఇదీ. సారు లెక్క అడుగుతాడు. రానివాళ్ళంతా వరసగా నిలబడాలి. వచ్చినవాడు లేచి, ఒక్కొక్కరి ముక్కు ఎడమ చేత్తో గట్టిగా పట్టుకొని, కుడి చేత్తో చెంప పగలగొట్టుకుంటూ పోవాలి. ముక్కు ఎందుకంటే... తల పక్కకు తిప్పుకోకుండా.

చిన్నకోడూరు దిక్కు మాదొక చిన్న ఊరు. ఒక్క గది బడి. బొగ్గూ ఆకు పసరూ కలిపి మేమే నల్లగా రుద్దిన బోర్డు, పలక, బలపం, కొట్టడానికి చింత బరిగె. చదువు చెప్పే సామానంతా అంతే. ఆ బరిగె కూడా మేమే విరుచుకొచ్చేది. పలక చెక్క అంచుతో మెటికల మీద కొడితే ఆ పూట బువ్వ కలపడానికి వేళ్ళు ముడుచుకునేవి కావు. చెవి తమ్మెకు గులకరాయి ఆనించి నలిపేవాడు. నన్ను బడిలో వేసిన రోజే మా బాపు సారుతో అన్నాడు... "తోలు మీది సారూ, బొక్కలు మావి." తోలు ఒలిచినా సరే, ఎముకలు మిగిలితే చాలని.

సారు చెడ్డవాడని కాదు. ఆయనకూ అట్లాగే నేర్పి ఉంటారు.

నా పక్కన కూర్చునేది రాజిగాడు. మగ్గం నేసే ఇల్లు వాళ్ళది. బలపం ఎత్తకుండా ఒకే గీతతో ఎద్దు తల గీసేవాడు. ఎక్కాలు మాత్రం వాడి నోట నిలిచేవి కావు. నాకు వచ్చు. గుసగుసగా అందించేవాడిని...

నాలుగో తరగతిలో ఒక రోజు.

"పదమూడు ఏడులు ఎంతరా?"

ఎవరికీ రాలేదు. నేను లేచాను. "తొంభై ఒకటి సార్."

ఎనిమిది మంది నిలబడ్డారు. చివర గోడ పక్కన రాజిగాడు. ఏడుగురినీ కొట్టాను. నిజం చెప్పాలంటే సంతోషంగానే కొట్టాను. వాడి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి లేవలేదు. ముక్కు ఊరికే ముట్టుకొని చెంప మీద తట్టాను.

వాడు నవ్వాడు. నవ్వకపోతే బాగుండేది. సారు చూశాడు.

"ఏంరా, పెండ్లిపిల్లకు పసుపు రాస్తున్నవా? ఇటు రా. ఎట్ల కొట్టాల్నో నేను చూపిస్త."

సారు నా ముక్కు పట్టుకున్నాడు. ఒక్క దెబ్బకు కళ్ళకు చీకట్లు కమ్మాయి. చెవిలో కుయ్యిమని ఒకటే మోత. నిక్కరు తడిసిపోయింది. బడంతా నవ్వింది.

"ఇప్పుడు కొట్టు."

రాజిగాడే మెల్లగా అన్నాడు. "కొట్టురా ఎల్లిగా, ఏం గాదు. జల్ది కొట్టు."

కొట్టాను. భయం, సిగ్గు, కోపం అన్నీ ఆ చేతిలోకే వచ్చాయి. నా పట్టు జారి వాడి తల గోడకు కొట్టుకుంది. ముక్కులోంచి నెత్తురు బొటబొటా కారి నా వేళ్ళ మీద, వాడి పలక మీద పడింది. పలక మీద సగం గీసిన ఎద్దు ఉంది.

"ఆఁ, గట్ల" అన్నాడు సారు.

తెల్లారి వాడు బడికి రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. వాళ్ళింటికి పోతే నాయిన పక్కన మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకొని కూర్చున్నాడు. ముక్కు వాచిపోయి ఉంది.

"ఈడ ఎవ్వడు ఎక్కాలు అడుగడురా" అన్నాడు. పెద్దయ్యాక వాడు మరమగ్గాల పనికి బొంబాయి దిక్కు భీవండి పోయాడు.

ఆ దెబ్బ తర్వాత నేను బడిలో నోరు తెరవలేదు. తెలిసినా "రాదు సార్" అని వరసలో నిలబడేవాడిని. ఎవరి చెయ్యో వచ్చి నా ముక్కు పట్టేది. ఏడో తరగతితో చదువు ముగిసింది. నేను తక్కువ మాట్లాడతానని అందరూ అంటారు... అది అక్కడ మొదలైందే.

నా కొడుకు కాలానికి గోడల మీద రంగుల చార్టులు వచ్చాయి. ఒక టీవీ కూడా వచ్చింది. బరిగె మాత్రం బీరువా వెనక ఉండేది. ఇప్పుడు మనవరాలు శ్రావణి సిద్దిపేటలో చదువుతోంది. వాళ్ళకు బోర్డే పెద్ద తెర... ఇంట్లో లెక్కలు ఫోనులో. మొన్న పక్కన కూర్చొని చూస్తున్నాను. తప్పు నొక్కింది. ఫోను టింగుమని మోగి "మళ్ళీ ప్రయత్నించు" అంది.

ఆ మోతకే నా చెయ్యి ముక్కు మీదికి పోయింది.

"ఏంది తాతా, ముక్కు పట్టుకున్నవ్?"

"ఏం లేదు బిడ్డా."

"తప్పైతే ఏం గాదు తాతా. ఎన్నిసార్లయినా చెయ్యొచ్చు."

ఎన్నిసార్లయినా అట...

రాజిగాడు ఊరికి తిరిగొచ్చి రెండేళ్ళయింది. సంతలో కలిస్తే "మంచిగున్నవారా ఎల్లిగా" అంటాడు. ముక్కు ఇప్పటికీ కొంచెం వంకరే. తల ఊపి, వంచుకొని వచ్చేస్తాను. అరవై ఏళ్ళ నుంచి ఒక్క మాట నా నోట్లోనే ఉంది. రాసి ఇద్దామంటే వాడికి చదవడం రాదు. రాకుండా చేసింది నేనే.

రాసింది ఫోనే పైకి చదువుతుందని శ్రావణి చూపించింది. అందుకే రెండు రోజులు కూర్చొని ఇది రాశాను. రాజిగాడి కోడలి ఫోనుకు పంపుతున్నాను. మీరందరూ చదవాలని ఇక్కడా పెడుతున్నాను.

రాజిగా, నాకే దెబ్బ పడుతదని నిన్ను కొట్టిన. మాఫ్ చెయ్యిరా.

బరిగె పోయింది, పలక పోయింది, ముక్కు పట్టే పద్ధతీ పోయింది... పోవడమే మంచిది. తిన్న దెబ్బలు అందరం నవ్వుకుంటూ చెప్పుకుంటాం. కొట్టినవి ఎవరమూ చెప్పం. మీ చేత ఎవరి ముక్కయినా పట్టించారా? ఆ పేరు ఇక్కడ కింద రాయండి... వాళ్ళకు ఎవరైనా చదివి వినిపిస్తారేమో.