యజ్ఞనారాయణ గారి గ్రహాలకు కొత్త బ్యాటరీ

పుప్పాలగూడలోని ఆ అపార్ట్‌మెంటు నిండా సాఫ్ట్‌వేరు వాళ్ళే. పొద్దున్న లేస్తే క్లౌడనీ, కృత్రిమ మేధ అనీ ఊదరగొడతారు. ఉద్యోగం మారాలన్నా, ఫ్లాటు రిజిస్ట్రేషన్ పెట్టుకోవాలన్నా మాత్రం చెప్పులు బయట విడిచి, మూడో అంతస్తులో యజ్ఞనారాయణ గారి గంట నొక్కుతారు. ఆయన కాకినాడలో ఇరిగేషన్ శాఖ సూపరింటెండెంటుగా రిటైరై ఇక్కడికొచ్చి స్థిరపడ్డ మనిషి. జ్యోతిషం చదువుకోలేదు. ఆ పని ఆయన కంప్యూటరు చూసుకునేది.

ఆ కంప్యూటరు ఆఫీసువాళ్ళు వేలం వేస్తే కొన్నది. నల్ల తెర, తెల్ల అక్షరాలు, లోపల ఒక జాతకాల ప్రోగ్రాము, పక్కన కీచుకీచుమంటూ కాగితం కక్కే ప్రింటరు. పుట్టిన వివరాలు కొడితే, వాటికీ ఈనాటి గ్రహాలకీ లెక్క కట్టి ఫలితం అచ్చువేస్తుంది. ఏ గ్రహం ఏ రాశిలో ఉందో చూసే శ్రమ ఆయన ఎన్నడూ పెట్టుకోలేదు. ఆఖరి పేరా మాత్రం గొంతు సవరించుకుని గంభీరంగా చదివేవారు. పైసా పుచ్చుకునేవారు కారు. ‘ఆయన మాటకు తిరుగులేదండీ’ అని లిఫ్టులో ఎవరైనా అంటే చాలు, ఆ పూట అన్నం ఇంకాస్త ఎక్కువ దిగేది.

ఉగాది వెళ్ళినప్పటి నుంచీ ఆ పెట్టె, ఆన్ చేయగానే ఈ తేదీ సరైనదేనా అని అడగడం మొదలెట్టింది. సర్కారు ఉద్యోగం చేసిన చెయ్యి కదా, చదవకుండా సంతకం పెట్టడం అలవాటే. ఆయన ఎంటర్ కొట్టేసేవారు. ఆఖరికి ఒకరోజు అసలు లేవనని మొండికేస్తే, మదీనాగూడలో పాత కంప్యూటర్లు బాగుచేసే వేణును పిలిపించారు.

“కాస్త ఆగు బాబూ, వర్జ్యం వెళ్ళనీ,” అన్నారు, స్క్రూడ్రైవరు తీసిన వేణుతో. కంప్యూటరు పడుకుంది కనుక గోడకున్న క్యాలెండరే చూడాల్సొచ్చింది.

“బ్యాటరీకి గూడ వర్జ్యముంటదా అంకుల్?” అని వేణు కూర్చుని, ఆయన భార్య పుణ్యవతి గారిచ్చిన కాఫీ తాగాడు.

వర్జ్యం వెళ్ళాక మూత తీస్తే, బోర్డుకు అతికించి ఉన్న బ్యాటరీ కారిపోయి చుట్టూ పచ్చగా చిలుము పట్టింది. “గిసుంటిది ఇప్పుడు ఏడ దొరకది. చార్జింగ్ సెల్లులు మూడు కలిపి వైర్లు గుంజి పెడ్త,” అన్నాడు వేణు. చిలుము కడిగి, ఆరబెట్టి, అన్నట్టే పెట్టాడు. యంత్రం లేచింది.

“ఇగ ఇయాల్టి తారీఖు కొట్టుండ్రి అంకుల్. బ్యాటరీ పోయినకాడికెళ్ళి ఆన్ చేసినప్పుడల్లా ఇది పందొమ్మిది వందల ఎనభై జనవరి ఒకటికి పోతున్నది. మీరు సూడలేదా?”

వేణు వెళ్ళిపోయాక కూడా ఆయన ఆ కుర్చీలోంచి లేవలేదు. ఉగాది నుంచీ తాను చెప్పినవన్నీ ఎనభై నాటి గ్రహాల ఫలితాలు. అందరి సంగతీ ఎలా ఉన్నా, ముందు తలపుకొచ్చింది నాలుగో అంతస్తు రవికిరణ్. పెద్ద కంపెనీ వదిలి కోకాపేటలో నిన్నగాక మొన్న పెట్టిన చిన్న కంపెనీకి మారనా అని అడిగితే, నిక్షేపంగా మారమన్నది తానే. అతను రాజీనామా ఇచ్చేశాడు. ఎల్లుండే ఆఖరి రోజు. ఉండిపొమ్మని మేనేజరు ఇంకా బతిమాలుతున్నాడట.

ఇవాళ్టి తేదీ వేసి, రవికిరణ్ వివరాలు మళ్ళీ కొట్టారు. ప్రింటరు కీచుమంది: ఉన్నచోటు వదలరాదు, వదిలిన పశ్చాత్తాపం.

“చెబితే నా పరువు పోతుంది పుణ్యా.”

“చెప్పకపోతే ఆ అబ్బాయి ఉద్యోగం పోతుంది. వెళ్ళి చెప్పండి,” అన్నారు పుణ్యవతి గారు, చిక్కుడుకాయలు తుంచుతూ.

ఆయన మెట్లెక్కారు. రవికిరణ్ ఒక్కడే ఉన్నాడు, భార్య ఉమాశ్రీ ఆఫీసుకెళ్ళింది. యజ్ఞనారాయణ గారు కూర్చోకుండానే అంతా చెప్పేశారు, చచ్చిన బ్యాటరీ, ఎనభై నాటి గ్రహాలు, కొత్త ఫలితం. “నా మాట నమ్మి మునిగిపోకు బాబూ. ఆ మేనేజరుకి ఉంటానని చెప్పెయ్యి,” అన్నారు.

రవికిరణ్ నొచ్చుకుంటూ కుర్చీ జరిపాడు. “కూర్చోండి బాబాయిగారూ. నాకు తెలుసండి. ఆ రోజు తెర మీద చూశాను, పందొమ్మిది వందల ఎనభై అని. మీరు ఎంటర్ కొట్టేశారు.”

“తెలిసీ ఊరుకున్నావా?”

“మీరు మారమన్నారు కదండీ. నేను ఎలాగూ మారదామనే అనుకున్నాను. ఉమే ఒప్పుకోలేదు. మీ కాగితం చూపించాక ఒప్పుకుంది.” అతను గొంతు తగ్గించాడు. “ఈ బ్యాటరీ సంగతి తనకి చెప్పకండి, ప్లీజ్.”

ఒకరి కొంప ముంచలేదన్న నిశ్చింత కలగాలి నిజానికి. కలిగింది అవమానం. మెట్లు దిగుతూ, ఉగాది నుంచీ వచ్చినవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకున్నారు. అందరూ ఆయన పక్కనే, తెరకు ఎదురుగా కూర్చున్నవాళ్ళే. రోజంతా అలాంటి తెరలు చదివి జీతం తీసుకునేవాళ్ళే. ఒక్కరూ తేదీ తప్పండీ అనలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, దండం పెట్టి వెళ్ళారు.