మిద్దె మీద ఒక పక్క తడి

అనంతపురంలో మా సినిమా క్లబ్బు ఒక గ్రంథాలయం పైఅంతస్తు హాల్లో నడుస్తుంది. నెలకొక ఆదివారం పొద్దున ఏదో ఒక పాత సినిమా, ఎక్కువగా పరదేశాలవి, నలుపూ తెలుపూ. సినిమా గురించి నాలుగు మాటలు చెప్పే పని నాది. చెయ్యమని నన్నెవరూ అడగలేదు, నేనే పట్టుకున్నాను. మైకు చేతికొస్తే వదలడని నామీద క్లబ్బులో నవ్వుకుంటారు, నాకూ తెలుసు.

నేను తిప్పి తిప్పి చెప్పేది ఒకటే సంగతి. ఆ దర్శకుల దగ్గర ఏమీ ఉండేది కాదు. ఒక చిన్న గది, అరువు కెమెరా, చాలీచాలని ఫిల్ము, నెత్తిమీద సెన్సారు కత్తెర. ఆడా మగా దగ్గరవడం చూపించడానికి వీల్లేదు. అందుకని సగం మూసిన తలుపు చూపించారు, ఆ తలుపు మీద ఆనిన చెయ్యి చూపించారు, ఆమె పిండుతున్న బట్టలోంచి కారే నీళ్లు చూపించారు. చూపించనిదంతా మన మనసు పూర్తి చేసుకుంటుంది, ఊపిరి బిగబట్టేది అక్కడే. అంతా విప్పి చూపిస్తే ఆ బిగువు పోతుంది. ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో, ఒక్కసారైనా నేను విన్నానా అని ఇప్పుడు అనుమానం.

ఈ ఎండాకాలం మొదట్లో వేసిన సినిమా పక్కపక్క గదుల్లో అద్దెకున్న ఇద్దరి కథ. మొదటి నుంచీ మధ్యలో గోడే. చివర్లో ఇటువైపు అతను గోడకు వీపు ఆనించి కూర్చుంటాడు, అటువైపు ఆమె కూడా. అంతే, అయిపోతుంది. ఆ రోజు నా భార్యను బతిమాలి తీసుకెళ్లాను. అంతకు ముందు ఎప్పుడు పిలిచినా, మీ చదువుకున్నోళ్ల సినిమాలు నాకెందుకని తప్పించుకునేది. మా హాల్లో ఎవరూ నియమం పెట్టకుండానే ఆడవాళ్లు ఎడమ వైపు, మగవాళ్లు కుడి వైపు కూర్చుంటారు. ఆమె ఎడమ వైపు చివరి వరసలో కూర్చుంది.

సినిమా అయ్యాక చర్చలో ఒక కాలేజీ లెక్చరరు లేచాడు. "ఏం సార్, వాళ్లు ఒకరి చెయ్యి ఒకరు గూడా పట్టుకోల్యా. దీంట్లో సరసం యాడుండాది?" అన్నాడు. హాలంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. నేను నెత్తిన పెట్టుకునే సినిమాను ఎవరైనా చప్పగా ఉందంటే ఓర్చుకోలేను. ఎలాగైనా అతని నోరు మూయించాలి. సినిమా వదిలేసి మా ఇంటి సంగతి ఎత్తుకున్నాను.

మా పెళ్లయిన కొత్తలో బెళుగుప్ప దగ్గర మా ఊళ్లో మట్టిమిద్దె ఇల్లు. ఎండాకాలం మా అమ్మ, అన్నావదినలు, మేమిద్దరం అందరం మిద్దె మీదే పడుకునేవాళ్లం. పెద్దవాళ్ల ముందు మొగుడూ పెళ్లాం మాట్లాడుకోవడమే తప్పు. ఊరికి నీళ్లు ట్యాంకరులో వచ్చేవి. పగలంతా కాగిన మిద్దెను చల్లార్చడానికి సాయంత్రం ఒక్క బిందె నీళ్లే ఇచ్చేది మా అమ్మ. చల్లే పని కొత్తకోడలిది. ఒక సాయంత్రం నేను చాప పరుచుకునే చోటు మిగతా మిద్దె కన్నా ఎక్కువ తడిసి ఉంది. అక్కడి నుంచి తడిమట్టి వాసన వచ్చింది. మరుసటి రోజు పొడిగా ఉంది. అర్థం కావడానికి నాకు కొంతకాలం పట్టింది. నామీద ఇష్టంగా ఉన్న రోజు తడి, కోపంగా ఉన్న రోజు పొడి. అంతమంది మధ్య ఆమె నాతో మాట్లాడిన తీరు అది.

ఇదంతా మైకులో చెప్పి, ఇంతకన్నా సరసం నేను ఏ సినిమాలోనూ చూడలేదన్నాను. చప్పట్లు మోగాయి. ఆ లెక్చరరు నవ్వుతూ చేతులు జోడించి కూర్చున్నాడు. గెలిచాననుకుని ఎడమ వైపు చూశాను. పక్కనున్న ఆమె ఎవరో నా భార్య చెవిలో ఏదో చెప్పి నవ్వుతోంది. నా భార్య తల వంచుకుని, కొంగు భుజం మీదుగా లాక్కుంది.

నేను హాల్లో చెప్పనిది ఒకటుంది. అది పాతకథ కాదు. టౌనులో మాది ఇప్పుడు సిమెంటు మిద్దె, బోరు, మా ఇద్దరికంటూ ఒక గది. అయినా ఎండాకాలం పైనే పడుకుంటాం. పైపు ఉన్నా ఆమె చెంబుతోనే నీళ్లు తెచ్చి చల్లేది. మొన్నమొన్నటి దాకా నా పక్కన ఆ తడి ఉంటూనే వచ్చింది.

ఆ రోజు హాలు నుంచి ఆటోలో వస్తున్నంతసేపూ ఆమె టమేటాల గురించి మాట్లాడింది. ఇంటికొచ్చి చీర మార్చుకుని, వంటింట్లోంచి, నావైపు చూడకుండా అంది.

"మీ అమ్మ పక్కలోనే పండుకునేది. ఆయమ్మకు గూడా తెలీకుండా దాచిపెట్టుకొని ఉంటి. నువ్వు మైకులో చెప్తివి."

నిన్ను పొగిడానే గానీ చిన్నబుచ్చలేదని ఏదో సర్దబోయాను. పొగిడినా తిట్టినా ఒకటేనంది. గొడవ పడి ఉంటే నాకు తేలికగా ఉండేది. ఒక్క మనిషిని ఓడించడానికి ఆమె గుట్టు తీసి పదిమంది ముందు పరిచాను. తలుపు దగ్గర ఆగిపోయే దర్శకులను పొగిడే నోటితోనే మా తలుపు తీశాను. ఆ సిగ్గు నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఆ రోజు నుంచి ఆమె చెంబు ముట్టలేదు. పైపు పట్టి మిద్దెంతా ఒకేలా తడుపుతోంది. ఏ పక్క నాదో తెలియదు. ఆగలేక ఒక సాయంత్రం నేనే చెంబుతో నీళ్లు మోసుకెళ్లి ఆమె పడుకునే చోట చల్లాను. ఆమె పైకొచ్చి ఆ తడిని చూసింది. కోపమేమీ కనిపించలేదు. పైపు తీసుకుని మిగతా మిద్దెను కూడా అంతే తడిగా తడిపి, కిందికి దిగిపోయింది.

అదే సినిమాలో అయితే ఆ పైపు గురించి గంటసేపు మాట్లాడేవాణ్ణి. క్లబ్బులో మాట్లాడడం మానేశాను. ఇది రాసే ముందు మాత్రం, ఈసారైనా బుద్ధి తెచ్చుకుని, రాయొచ్చా అని ఆమెను అడిగాను. శెనక్కాయలు ఒలుస్తోంది. తల ఎత్తలేదు.

"రాసుకోపో. ఇంగ దాంట్లో దాచేకి ఏముండాది?" అంది.