కప్ప చర్మం, మనిషి చర్మం

తొంభైల చివర్లో అద్దంకి దగ్గర ఒక పల్లె హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. పచ్చపురుగు పత్తిని మేసేస్తోందని రైతులు రోజు మార్చి రోజు మందు కొడుతున్న కాలం. ఆ కంపు తరగతి గదుల్లోకి కూడా వచ్చేది.

ఉభయచరాలు, సరీసృపాలు, క్షీరదాల పాఠం రోజున తలా ఒక జీవిని పట్టుకు రమ్మన్నాను. ఒక ఆడపిల్ల మూడింటినీ వాళ్ల నాన్న పత్తి చేలో నుంచే తెచ్చింది. సీసాలో తొండ, బోనులో ఎలుక బతికే ఉన్నాయి. కప్ప మాత్రం చచ్చింది. కాలవ నిండా వెల్లకిలా తేలుతున్నాయని, బతికున్నది ఒక్కటీ దొరకలేదని చెప్పింది.

ఒకే చేలో కప్పే ఎందుకు చచ్చిందని అడిగింది. ఇంకేం, నాకు పండగే. బల్ల మీద మూడింటినీ పెట్టి రెచ్చిపోయాను. కప్పది పల్చటి తడి చర్మం. దాంతో కూడా ఊపిరి పీలుస్తుంది కాబట్టి నీళ్లలో ఏముంటే అది లోపలికి పోతుంది. తొండకు పొడి పొలుసులు. ఎలుక మనలాగే పిల్లల్ని కని పాలిచ్చే జాతి, దాని ఒంటి నిండా బొచ్చు. అంతా విని, మరి మన చర్మం సంగతేంటని అడిగింది. మనమూ క్షీరదాలమే, మన చర్మంలోంచి ఏదీ దిగదులే అన్నాను. పుస్తకంలో లేని మాట అది. తెలియదంటే నా సొమ్మేం పోయేది?

నెల తిరక్కుండానే ఆ పిల్ల తండ్రి చొక్కా లేకుండా మందు కొడుతూ చేలో పడిపోయాడు. నోట నురగ, ఒళ్లంతా చెమట. పురుగుల మందు తాగాడని ఊళ్లో చెవులు కొరుక్కున్నారు. గుంటూరు ఆసుపత్రిలో రెండు రోజులుండి చనిపోయాడు. మందు చర్మంలోంచే ఎక్కిందని డాక్టరు చెప్పాడట.

పలకరించడానికి వెళ్లాను. నా నోరు ఊరుకుంటుందా? చావింట్లో కూర్చుని, చొక్కా లేకుండా మందు కొడుతుంటే చూస్తూ ఊరుకున్నారా అని ఆ ఇల్లాలి మీద విసుక్కున్నాను. రోజూ పొడుగు చేతుల చొక్కా తొడిగించి, గుండీలు పెట్టించి పంపేదాన్నని, ఈ మధ్యే విప్పేస్తున్నాడని ఆవిడ ఏడ్చింది.

పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది.

"నేనే విప్పమన్నాను సార్. ఉక్కపోతకి అల్లాడిపోతుంటే, మనకేం కాదు నాన్నా, చర్మంలోంచి దిగదంట, మా సార్ చెప్పారన్నాను."

ఆ గొంతులో నా మీద కోపం లేదు. నేను చెప్పింది తనే సరిగ్గా అర్థం చేసుకోలేదని అనుకుంటోంది. తప్పు నాదమ్మా అనాల్సింది. బడికి టైమైందని చెప్పి, సైకిలెక్కి వచ్చేశాను.