విమానం ఎక్కేముందు ఆపిన సూదులు

2023 ఎండకాలం. కోరుట్లల ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌ల నేను ల్యాబ్ టెక్నీషియన్‌ను. రక్తం తీస్తం, మిషన్ల పెడ్తం, మిషన్ కాయితం ఇస్తది, మా పని గంతే అనుకుంటరు జనం. చాలావరకు నిజమే. సెమెన్ అనాలిసిస్, అంటే వీర్యపరీక్ష, మాత్రం మా దగ్గర మనిషే చెయ్యాలె. స్లైడు మైక్రోస్కోప్ కింద పెట్టి, కన్ను ఆనించి, కణాలు లెక్కపెట్టాలె. ఏం పనిరా అని చుట్టాలు అడిగితే మా అమ్మ "రక్తపరీక్షలు" అంటది. ఇంకో మాట మాట్లాడది.

ఆ పొద్దు నరేశన్న వచ్చిండు. బుగ్గారం దిక్కు ఊరు. కండలు తిరిగిన మనిషి. దుబాయ్‌ల ఒక మాల్‌ల సెక్యూరిటీ గార్డు, రెండు నెలల లీవు మీద వచ్చి ఐదు వారాలైంది. మా తలుపు ఒక రెక్కే తీసి ఉంటది, ఆయన పక్కకు తిరిగి లోపటికి రావాల్సి వచ్చింది. ఆయన వెనుక భార్య లావణ్యక్క, చేతిల ఇటుకంత ఫైలు.

పెండ్లయి నాలుగేండ్లు, పిల్లలు కాలేదు. ఆ ఫైలు నిండ జగిత్యాల దవాఖానల కాయితాలే. స్కానింగులు, హార్మోన్ పరీక్షలు, నాళాలల్ల రంగుమందు ఎక్కించి తీసిన ఎక్స్‌రే. అన్నీ నార్మల్. నరేశన్న పేరు మీద మాత్రం ఒక్క కాయితం లేదు. మా దిక్కు పద్ధతే అది. మొగడు గల్ఫుల ఉంటడు, ఇక్కడ ఎవరు దొరికితే వాళ్ళకే పరీక్ష. పైనుంచి ఆ కండలు చూసి ఆయనను అడిగే ధైర్యం ఎవరికుంటది? ఈసారి జగిత్యాల డాక్టరమ్మ ముందు ఆయనను పంపమన్నదట.

స్లైడు పెట్టి చూసిన. ఏం లేదు. నా కన్ను మీద అనుమానం వచ్చి కండ్లద్దాలు తుడుచుకున్న. ఇంకో స్లైడు పెట్టిన. శాంపిల్‌ను సెంట్రిఫ్యూజ్‌ల, అంటే గిర్రున తిప్పే మిషన్ల, తిప్పి అడుగున పేరుకున్నది చూసిన. ఒక్క కణం లేదు. గింత మనిషికి గిదెట్ల అని, డబ్బా మారిందనుకున్న. కానీ ఆ రోజు ఆ డబ్బా ఇచ్చినోడు ఆయనొక్కడే. మారాలంటే ఇంకొకటి ఉండాలె గదా.

డాక్టరమ్మ హార్మోన్లు చూడమన్నది. తెల్లారి పొద్దుగాల రక్తం తీసిన. టెస్టోస్టెరాన్, అంటే మొగ హార్మోన్, ఎంత తక్కువున్నదంటే, ముసలోళ్ళకు వచ్చినా భయపడే నంబరు. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అడుగంటినయ్. ఇవి మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి వృషణాలకు పంపే ఆర్డర్లు. ఆర్డర్లే పోతలేవు.

ఆయనను లోపటికి పిలిచి అడిగిన. "అన్నా, కండల కోసం సూదులేమన్న ఏసుకుంటవా?"

"ఇప్పుడేం లేవు తమ్మీ. బంద్ చేసిన."

"ఎప్పుడు?"

"విమానం ఎక్కే ముందు. బ్యాగుల దొరికితే ఎయిర్‌పోర్టుల పట్టుకుంటరు గదా. ప్రతి లీవుకు గంతే. మళ్ళ పోయినంక షురూ చేస్త."

ఆ సూదులల్ల ఉన్నది టెస్టోస్టెరానే. పెండ్లయి దుబాయ్ పోయినంక, రూమ్ల ఉండే సిరిసిల్లాయన అలవాటు చేసిండట. బయటనుంచి హార్మోన్ వస్తున్నదని ఒంట్ల సొంత ఉత్పత్తి బంద్ అయింది. లీవుకు వచ్చేముందు ఈయన బయటిది గూడ ఒక్కసారే ఆపుతుండు. అంటే ఇంటికాడ ఉండే రెండు నెలలు రెండూ లేవు. అక్కడ వీడియో కాల్‌ల పులి. ఇక్కడ దిగేది మాత్రం పొద్దంత పండి, ఊకెనే ఏడ్చే మనిషి. మూడు లీవులు గిదే కథ.

రిపోర్టు జర మంచిగ రాయమని బతిమాలిండు. ఈ లీవుల తేలకపోతే విడిపోవుడు గురించి పెద్దమనుషులల్ల కూసుందామని రెండు దిక్కులా అనుకుంటున్నరట. లేని కణాలను పుట్టించే డిగ్రీ నాకు లేదన్న. ఆఖరికి ఆయన తనే లావణ్యక్కను లోపటికి పిలిచి అంతా చెప్పిండు.

ఆమె మొదట అడిగింది పిల్లల గురించి కాదు. "అంటే అక్కడ నీకెవ్వరు లేరా?"

"ఎవ్వరు లేరు లావణ్యా."

"మూడుసార్లు వచ్చి గోడ దిక్కు తిరిగి పండితివి. నన్ను చూస్తనే నీకు సయిస్తలేదనుకున్న. అద్దంల మొఖం చూసుకునుడే బంద్ చేసిన."

దేనికైనా ఒక జోకు ఏసేటోన్ని. ఆ పూట స్లైడు లేని మైక్రోస్కోప్‌ల కన్ను పెట్టి కూసున్న.

కరీంనగర్‌ల హార్మోన్ డాక్టర్ కాడికి పోయిండ్రు. సూది మళ్ళ ముట్టొద్దన్నడు. నీరసమని ఎవరి మాటనో ఇని టెస్టోస్టెరాన్ ఎక్కిచ్చుకుంటే, లేవబోయే గ్రంథి మళ్ళ పండుకుంటదన్నడు. గ్రంథిని లేపేటందుకు ఆయనకు సరిపోయే మందులు రాసిండు. నెలలు పడ్తది, ఏడాది దాటొచ్చు, పూర్తిగ రాకపోవచ్చు గూడ. మనసు కుంగితే అది గూడ జబ్బుల భాగమే, దాచకుండ చెప్పాలన్నడు.

లీవు రెండు నెలలు, వైద్యం ఏడాది. వాపస్ పోతే అదే రూము, అదే సిరిసిల్లాయన. నరేశన్న వీసా ఇడిసిపెట్టిండు. ఊరంత పిచ్చోడన్నది. తంగళ్ళపల్లి దిక్కు ఒక బట్టల యూనిట్ గేటు కాడ డ్యూటీ దొరికింది. మొదటి నెలల్ల చొక్కాలు వదులైనయ్, మనిషి ముడుచుకపోయిండు. "సూది ఒక్కటేసుకుంటే లేస్త తమ్మీ" అని ఒకసారి నా ముందటనే అన్నడు. లావణ్యక్క ఆయన మోచెయ్యి పట్టుకొని బయటికి తీస్కపోయింది.

వైద్యం షురూ అయిన పదో నెలల పరీక్షకు వచ్చిండ్రు. హార్మోన్లు నార్మల్ కింది గీత దాటి జరంత పైకి వచ్చినయ్. స్లైడు చూసిన. ఒకటి కదిలింది. ఇంకొకటి. ఈసారి గూడ నా కన్ను మీదనే అనుమానం.

"తక్కువనే ఉన్నయక్కా. కానీ ఉన్నయ్, కదులుతున్నయ్."

నేనూ చూస్తనన్నది. రూల్ ఒప్పుకోదు. నేను స్టూల్ మీంచి లేచిన. ఆమె చాలాసేపు చూసింది.

"గింత చిన్నగుంటయా," అన్నది. "వీటికోసమా నాలుగేండ్లు నన్ను దవాఖానల చుట్టు తిప్పిండ్రు?"

నరేశన్న ఆ ఇటుకంత ఫైలు ఆమె దగ్గరనుంచి తీసుకొని తన చంకల పెట్టుకున్నడు.

మా ఫారంల "ఏ మందులు వాడుతున్నరు" అని ఒక గడి ఉంటది. "ఇప్పుడేం లేవు" అన్న నరేశన్న అబద్ధం చెప్పలేదు. అందుకే ఇప్పుడు తలుపు దగ్గరకేసి ఇంకో ప్రశ్న అడుగుత: "ఏం బంద్ చేసినవ్, ఎప్పుడు చేసినవ్?" పిల్లలు కాలేదని జంట వస్తే, ఆ ప్రశ్న ముందు మొగోళ్ళకే.