బాపు కింద వెయ్యని రాణి

నన్ను కన్న అవ్వ పోయినంక తెలిసింది, ఇంట్ల ఆమె ఫోటో ఒక్కటి కూడా లేదని. ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతదని ఆమె నమ్మకం. ఒక పెండ్లిల అందరం నిలబడి దిగిన ఫోటోల ఉన్నది గాని, సరిగ్గ ఆ నిమిషానికే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నది. దినాల నాడు పీట మీద పెట్టెటందుకు ఏమీ లేక, ఆమె చీర మడతపెట్టి దానికే దండ వేసినం. నా డైరీలల్ల అవ్వ అన్న మాటలు చాలా ఉన్నయి. రోజూ చూసే ముఖం ఎట్లుంటదో మాత్రం ఎన్నడూ రాసుకోలే.

బాపుకు పత్తాలాటంటే ప్రాణం. అవ్వకు మంట. ఒకసారి పేక కట్టను తీస్కపోయి పొయ్యిల పెట్టింది. ఆ పూట అన్నం పత్తాల మంట మీదనే ఉడికిందని బాపు అందరికీ చెప్పుకొని నవ్వేటోడు. ఆమె పోయినంక ఆయన పత్తాలు ముట్టలే. పొద్దంత వాకిట్ల మంచం మీద గోదావరి దిక్కు చూసుకుంట కూసునేటోడు. నాతోని మాట్లాడేటోడు కాదు. నాకేమో మనిషిని మాట్లాడిచ్చుడు ముందునుంచే రాదు. అందుకే పత్తాలు చేసిన.

ఇంట్ల మందపు కాగితమంటే ఇనుప తీగకు గుచ్చిపెట్టిన పాత పెండ్లి పత్రికలే. అచ్చు లోపలికి పోయేటట్టు రెండు రెండు కలిపి, మైదాపిండి ఉడికించిన లైతోని అంటించి, బియ్యం బస్తా కింద ఒత్తిపెట్టిన. ఆరినంక సబ్బుపెట్టె కొలతకు కత్తిరించిన. ఇస్పేటు, కళావరు నల్లసిరాతోని, ఆఠీను, డైమను ఎర్రసిరాతోని వేసిన. పత్రికలకు పెట్టిన పసుపు మాత్రం కొన్నిటి మూలలకు అట్లనే మిగిలిపోయింది.

రాజులకు, జాకీలకు ఏదో ఒక ముఖం వేసిన. ఆఠీను రాణి దగ్గర చెయ్యి ఆగింది. అవ్వ ముక్కుపుల్ల, కనుబొమ్మ మీద నూనె చిట్లి కాలిన మచ్చ, నవ్వీ నవ్వనట్టుండే పెదవులు. కిరీటం పెట్టబుద్ధి కాలే, తల మీద కొంగు వేసిన. అవ్వనే వచ్చింది. ఎట్ల వచ్చిందో నాకే తెల్వదు. మళ్ల దిద్దే ధైర్యం చెయ్యలే.

కట్టను చాయ గ్లాసు పక్కన పెట్టి లోపలికొచ్చి తలుపు సందుల నుంచి చూసిన. బాపు ఒక్కొక్కటే తిప్పుకుంట పోయి, ఒకదాని దగ్గర ఆగిండు. చాయ చల్లారిపోయింది. పొద్దుగూకే యాళ్లకు పక్కింటి మామను కేకేసిండు.

"గివేం పత్తాలే బావా, పెండ్లి వాసనొస్తున్నయి! ఆడాల్నా, అక్షింతలు వెయ్యాల్నా?" అన్నడు మామ.

"నా బిడ్డ చేసింది. నోరు మూసుకొని పంచు," అన్నడు బాపు.

చింతగింజలు పందెం పెట్టి రమ్మీ ఆడేటోళ్లు. ఎన్నడూ ఓడని బాపు, వరుసపెట్టి ఓడుడు మొదలుపెట్టిండు. ఆఠీను రాణి చేతికొస్తే చాలు, ఇక దాన్ని కింద వేసేటోడు కాదు. దానికోసం కుదిరిన వరుసను కూడా చెడగొట్టుకునేటోడు. ఆ పత్తా వెనుక పసుపు మరకను మామ గుర్తుపట్టిండు.

"రాణి నీ చేతులనే ఉన్నది, కనవడుతనే ఉన్నది. పారేయ్ బావా, ఆటంత ఆగం చేస్తున్నవు."

"ఉండనీవోయ్. ఉన్నన్ని రోజులు ఆడద్దని మొత్తుకున్నది. ఇప్పుడు నా చేతుల కూసొని చూస్తున్నది. చూడనీ."

మామ మళ్ల ఆ మాట ఎత్తలే.

వానకాలం వచ్చేసరికి ఆ పత్తా మెత్తబడ్డది. బాపు బొటనవేలు ఎప్పుడూ దాని మీదనే ఉంటుండె. ముందు ముక్కుపుల్ల పోయింది, తర్వాత కండ్లు. ఒకనాడు దాన్ని నా చేతుల పెట్టి, "బిడ్డా, గిది జర మళ్ల వెయ్యరాదు?" అన్నడు. అవ్వ పోయినంక ఆయన నన్ను అడిగింది అదొక్కటే.

కొత్త పత్తా అంటించి ముందల పెట్టుకున్న. మచ్చ ఏ కనుబొమ్మ మీద? ఎడమదనుకున్న. పక్కింటత్తను అడిగితే కుడిదన్నది. పాత పత్తాను కిటికీ వెలుతురుకు పట్టి చూస్తే సిరా నీడ తప్ప ఏమీ లేదు. కండ్లు మూసుకుంటే అవ్వ గొంతు వస్తున్నది, ముఖం వస్తలేదు. ఎన్నో వేసి చింపేసిన. ఆఖరికి ఒకటి కుదిరింది. మొదటిదానికన్న అందంగనే ఉన్నది. అందుకే నాకు భయమైంది.

పొద్దున చూపిద్దాం, మాపటికి చూపిద్దాం అనుకుంటనే, బాపుకు ఏమీ చెప్పకుండ కట్టల కలిపేసిన. ఆ సాయంత్రం అది బాపు చేతికొచ్చింది. దగ్గరికి తెచ్చుకొని చూసిండు. దూరం పెట్టి చూసిండు. నా దిక్కు మాత్రం చూడలే. తర్వాత, మిగిలిన పత్తాలను వేసినట్టే, దాన్ని కింద వేసిండు.

మామ చెయ్యి దాని దాక పోయి ఆగింది. ఎత్తుకోలే.

చాలా రోజుల తర్వాత ఆ ఆట బాపు గెలిచిండు. గెలిచిన చింతగింజలను అట్లనే చాప మీద వదిలేసి లేచి లోపలికి పోయిండు.